తొమ్మిదో అప్పలమ్మ

మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుద్దామనుకుంటూండగా కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను, చెమటకి తడిసిన చున్నీతో ఒకమ్మాయి. వార్డు ఆఫీసు నుంచి వచ్చానని, ఊరు ఎలా ఉందో జనం అభిప్రాయం రాసుకుంటున్నామని చెప్పింది. మద్దిలపాలెంలో మా అపార్టుమెంటుకి లిఫ్టు ఉంది గానీ అది పనిచేసే రోజు పండగే. మూడంతస్తులు ఎక్కొచ్చిన పిల్లని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడ్డానికి మనసొప్పక, లోపలికి పిలిచి ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. నిజం చెప్పొద్దూ, ఆ జాలిలో కొంత స్వార్థం కూడా ఉంది. నన్ను ఎవరైనా అభిప్రాయం అడిగి చాలా కాలమైంది. ఇంట్లో అయితే అడక్కుండానే చెప్తాను, ఎవరూ వినరు.

చెత్త బండి రోజూ వస్తోందా, వీధి దీపాలు వెలుగుతున్నాయా అని అడుగుతూ, ఒక్కో ప్రశ్న కింద అయిదు నక్షత్రాలు చూపించి ఎన్ని కావాలో నొక్కమంది. ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో నడక కార్యక్రమం ఉందని, వచ్చినవాళ్ళకి టీషర్టు ఇస్తారని, ఊరి పేరు పెద్దపెద్ద అక్షరాలతో పెట్టిన చోట ఫొటో కూడా తీస్తారని చెప్పింది. ఈ మోకాళ్ళతో నడిస్తే టీషర్టు వస్తుందో రాదో గానీ అంబులెన్సు ఖాయమన్నాను. నవ్వింది. ఆ తరవాతి ప్రశ్న మంచినీళ్ళ సరఫరా మీద. నా వేలు అక్కడ ఆగిపోయింది. నీళ్ళు ఏ టైముకి వస్తున్నాయన్నది అడగరా అన్నాను. ఆ ప్రశ్న ఇందులో లేదండి అంది. మేం పోట్లాడిందంతా ఆ టైము గురించేనమ్మా అన్నాను. పాపం ఆ పిల్ల గోడ గడియారం వైపు చూసింది. ఇంకా పదిహేను ఇళ్ళున్నాయిట. నేను చూడనట్టే ఊరుకున్నాను. వయసు మీద పడ్డాక దొరికే సదుపాయాలు తక్కువ, ఎదుటివాళ్ళ తొందర మనకి కనిపించకపోవడం వాటిలో ఒకటి.

నా చిన్నప్పుడు మేముండేది వన్ టౌన్‌లో, జెట్టీకి పోయే దారిలో ఒక సందు. రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిందే. ఇంటి చూరు కింద తాళ్ళ మీద ఎండుచేపలు, అరుగు మీద బాగుచేయాల్సిన వల, తలుపు వెనక బోర్లించిన గంపలు. ఆ వాసన మాకు వాసన అని తెలియదు, పైవీధి వాళ్ళు ముక్కు మూసుకున్నప్పుడే తెలిసేది. దానికి తోడు మా మామ్మ చుట్ట. నాన్నకి తల్లి ఆవిడ, ఇంటికి పెద్ద. అడ్డపొగ పీల్చేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నిప్పు నోట్లో ఉండగానే కబుర్లు చెప్పేది, తిట్టేది, చేపలు బేరం చేసేది. నోట్లోంచి చుట్ట తీసిందంటే మాత్రం అందరూ నోరు మూసుకునేవాళ్ళు, అసలు మాట అప్పుడొచ్చేది. తెల్లారకుండానే మామ్మ, అమ్మ చోడంబలి తాగి, గంపలు చంకన పెట్టుకుని జెట్టీకి పోయేవాళ్ళు. పడవలొచ్చాక వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తికెత్తుకుని వీధివీధీ తిరిగి అమ్మి, పదకొండు గంటలకి ఇంటికొచ్చేవాళ్ళు. గంపలోంచి కారిన ఐసునీళ్ళతో చీర భుజం ఎప్పుడూ తడిగానే ఉండేది.

చిక్కంతా కుళాయితో. సందు మొత్తానికి ఒకటే కుళాయి, దానికి నీళ్ళు పొద్దున్న ఆరింటి నుంచి ఏడున్నర దాకా. ఆ వేళకి మా సందులో ఆడవాళ్ళు ఒక్కరూ ఉండరు, అందరూ జెట్టీలోనే. వేటకి పోని మగాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంట్లో ఉండేవాళ్ళు గానీ, కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడితే మీసం రాలిపోతుందని వాళ్ళ భయం. ఇంక మిగిలింది నేను. అప్పటికి నాది పదో తరగతి. మా ఇంటికి ఏడు బిందెలు, పక్కింటికి నాలుగు, ఆ పక్కింటికి నాలుగు. ఆఖరి బిందె దింపి, రెండుసార్లు సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని, జడలు అల్లుకుని పరుగెత్తేసరికి మా ఆడపిల్లల హైస్కూల్లో మొదటి పీరియడు సగం అయిపోయేది.

హెడ్‌మిస్ట్రెస్ గారు గుమ్మంలోనే నిలబడి ఉండేవారు. పోర్టుకి పోయే గూడ్సు బండి గేటు దగ్గర అడ్డం నిలిచిపోయింది టీచర్ అని చెప్పేదాన్ని. ఆ అబద్ధానికి రోజుకో వివరం చేర్చేదాన్ని. ఒక రోజు ఇనప ఖనిజం పెట్టెలు, ఒక రోజు బొగ్గు, ఒక రోజు ఇంజను చెడిపోయిందని. ఎనిమిదో తొమ్మిదోసారి ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఇంకొక్క రోజు ఆలస్యంగా వస్తే నిన్ను పబ్లిక్ పరీక్షకి పంపను అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఆవిడ గట్టిగా అనని మాటలే జరిగేవి.

నిజం చెప్పేస్తే పోయేది కదా అంటారు. ఎలా చెప్తాను? బళ్ళో నేను సుజాతని. పైవీధిలో ఉంటాం, నాన్న పోర్టులో పనిచేస్తారు అని చెప్పుకున్నదాన్ని. ఆయన రోజూ పోర్టు పక్కనుంచే సముద్రంలోకి పోతాడు కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని నా సమాధానం. ఇంట్లో పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే. బళ్ళో చేర్పించిన రోజు మా మావయ్య దారిలో మనసు మార్చుకుని సుజాత అని రాయించాడు. ఆ పాత పేరు బయట ఎవరి నోటా రాకూడదని నేను ఇంట్లో గోల చేశాను. మామ్మ చుట్ట తీసి, “ఒలే గుంటా, సింహాద్రప్పన్న మీద ఒట్టు. బయిట నిన్నా పేరెట్టి పిలవను. సాలా?” అంది. అప్పట్నుంచి సుజేతా అనే పిలిచేది. నోరు తిరక్కపోయినా పిలిచేది.

ఆ రోజుల్లో ఏడాదికోసారి వార్డు సభ పెట్టేవాళ్ళు. రిక్షాకి మైకు కట్టి రెండ్రోజులు సందుసందూ చాటేవారు. మీ కష్టాలు మాకు చెప్పండి, ఆఫీసర్లు మీ దగ్గరికే వస్తున్నారు అని. వీధి అర్జీ అయితే ఇరవై మంది సంతకాలుండాలి, అప్పుడే సభలో చదువుతారని వార్డు ఆఫీసు గుమాస్తా చెప్పాడు. నీళ్ళు పొద్దున్న కాకుండా పదకొండింటికి వదిలితే చాలు, అమ్మ వాళ్ళే పట్టుకుంటారు, నేను గంట కొట్టేలోపు బళ్ళో ఉంటాను. ఇంత చిన్న సంగతికి అడ్డేముంటుందనుకున్నాను. అర్జీ నేనే రాశాను. గౌరవనీయులైన అని మొదలుపెట్టి, తమ విధేయులు అని ముగించి, నడుమ నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ పెట్టాను. వేలిముద్రలు వేయించాను. ఎంత తిరిగినా పంతొమ్మిదే అయ్యాయి. ఇరవయ్యో మనిషి లేదు.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. సింహాచలం అప్పన్న దయవల్ల పుట్టారని మా ఇళ్ళల్లో ఆడపిల్లయితే అప్పలమ్మ, మగపిల్లాడైతే అప్పలరాజు. ఆ పంతొమ్మిది మందిలో ఎనిమిది మంది అప్పలమ్మలే. మా మామ్మ అప్పలమ్మ, వాళ్ళ అప్ప అంటే అక్క, ఆవిడ కూడా అప్పలమ్మే, ఒకరు పెద్దప్పలమ్మ, ఇంకొకరు చిన్నప్పలమ్మ. సందులో ఎవరూ తికమక పడరు. రొయ్యల అప్పలమ్మ, ఉప్పు అప్పలమ్మ, కళ్ళద్దాల అప్పలమ్మ అని తలా ఒక గుర్తు ఉంటుంది. కానీ సర్కారు కాయితం మీద రొయ్యలేమిటి, ఉప్పేమిటి, మర్యాదగా ఉండదని నేను ఆ గుర్తులన్నీ తీసేసి ఉత్త అప్పలమ్మ అని రాశాను. చదువుకున్న తెలివి అలాగే ఉంటుంది. సందు మొత్తానికి ఇంటిపేర్లు కూడా రెండే. ఇంక ఇరవయ్యో పేరు కోసం ఆలోచించి, ఏడాది క్రితం పోయిన మామ్మ వాళ్ళ అప్పని, పెద్దప్పలమ్మని, తిరిగి బతికించాను. ఆవిడ పేరు కూడా ఉత్త అప్పలమ్మ అని రాసి, పక్కన నా ఎడమ బొటనవేలు సిరాలో ముంచి ఒత్తాను. ఎవరికీ చెప్పలేదు, మామ్మకి కూడా.

సభ ఆదివారం పొద్దున్న, మార్కెట్టు ముందు. షామియానా వేసి, వేదిక మీద మునిసిపాలిటీ వాళ్ళకి కుర్చీలు, కింద జనానికి టార్పాలిన్లు. మైకు కూతకి పావురాలు ఎగిరిపోయాయి. ప్రార్థన పాడ్డానికి మా బడి నుంచి ఆరుగురు ఆడపిల్లల్ని పంపారు, అందులో నేనొకదాన్ని. ఎర్ర రిబ్బన్లతో వేదిక పక్కన నిలబడి పాడుతూ, కింద గంపలు పక్కన పెట్టుకుని కూర్చున్న మా సందు ఆడవాళ్ళ వైపు చూడకుండా ఉండడానికి మెడ నొప్పెట్టేంత కష్టపడ్డాను. వేదిక మీద కుర్చీలో మా హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా ఉన్నారు, అతిథిగా. కూల్ డ్రింకులు వేదిక మీద వాళ్ళకే ఇచ్చారు. రొయ్యల అప్పలమ్మ అది గమనించి పెద్దగానే వ్యాఖ్యానించింది గానీ ఇక్కడ రాయడానికి వీల్లేదు.

నీళ్ళ ఆఫీసరు కొత్తగా గోదావరి అవతల నుంచి బదిలీ మీద వచ్చినాయన. మంచివాడే, కాయితం కాయితమూ చదివే రకం. చదవని ఆఫీసరు అయ్యుంటే మాకు ఇంత తిప్పలుండేది కాదు. మా అర్జీ చేతిలోకి తీసుకుని, పేర్లు చూసి, ఆయన ముఖం ఎర్రబడింది. ఒకే దస్తూరీ, ఒకే పేరు తొమ్మిదిసార్లు. ఇది ఎవరో ఇంట్లో కూర్చుని అల్లిన దొంగ అర్జీ అని మైకులోనే చెప్పి, నిజమైతే అప్పలమ్మ ఎవరో లేవమన్నారు.

ఎనిమిది మంది ఒక్కసారే లేచారు. ఒక్కరే లేవండి అన్నారాయన. ఎవరూ కూర్చోలేదు, పక్కామె కూర్చుంటుందిలే అని అందరూ అనుకున్నారు. ఇంటిపేరు పెట్టి పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు, అయిదుగురు నిలబడే ఉన్నారు. పోనీ మీ భర్తల పేర్లు చెప్పండి అన్నారు. మొగుడి పేరు నోటితో పలికే ఆచారం మా వాళ్ళకి లేదు. కాసేపు సిగ్గుపడి, ఒకరి మొగుడి పేరు ఇంకొకరు చెప్పడం మొదలుపెట్టారు. దీని పెనిమిటి అప్పలరాజు బాబూ. మరి ఈవిడ భర్త? ఆడూ అప్పలరాజే. జనం నవ్వుతున్నారు. ఆయన కూడా నవ్వాపుకోవడానికి రుమాలు తీశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక గట్టెక్కేశాం అనుకున్నాను.

కానీ చదివే మనిషి కదా, లెక్క కూడా పెట్టారు. ఎనిమిది మందినీ వేళ్ళమీద లెక్కపెట్టి, కాయితం చూసుకుని, తొమ్మిదో అప్పలమ్మ ఏది అన్నారు.  నవ్వు ఆగిపోయింది. తొమ్మిదో మనిషి లేకపోతే ఇరవై సంతకాలు లేవు, దొంగ సంతకం ఉన్న అర్జీని చదవడం కుదరదని, కలం మూత తీశారు. ఆ కలం ఆ కాయితం మీద అడ్డంగా ఒక్క గీత గీస్తే మళ్ళీ ఏడాదికి గానీ సభ లేదు. రేపు సోమవారం. రేపు పొద్దున్న ఆరింటికి కుళాయి దగ్గర నేనే, ఎనిమిదిన్నరకి గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ గారు, నా పరీక్ష అక్కడితో సరి.

మామ్మ నావైపు చూసింది. మెల్లగా నోట్లోంచి చుట్ట తీసింది. తీసింది గానీ మాట రాలేదు. అప్పన్న మీద వేసిన ఒట్టు అడ్డం పడింది ఆవిడకి. నిప్పున్న చుట్ట చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. నేను అంతవరకూ ఎప్పుడూ చూడలేదు, చుట్ట తీశాక మామ్మ మాట్లాడకపోవడం. నా పక్కన పైవీధి పిల్లలు అయిదుగురు రిబ్బన్లు సర్దుకుంటున్నారు.  వరసలోంచి ఒక అడుగు ముందుకేశాను.

“తొమ్మిదో అప్పలమ్మని నానేనండి” అన్నాను.

ఎన్నేళ్ళో కష్టపడి నేర్చుకున్న ‘నేను’ అనే మాట, ఆ క్షణంలో మా సందు ‘నాను’ అయిపోయింది. వేదిక మీద హెడ్‌మిస్ట్రెస్ గారు ముందుకు వంగి, నువ్వు సుజాతవి కదా అన్నారు. బళ్ళో సుజాతని టీచర్, ఇంట్లో అప్పలమ్మని, మాది ఈ సందే, పొద్దున్న కుళాయి దగ్గర బిందెలు మోసేది నేనే, ఆ గంపల దగ్గరున్నది మా మామ్మ అని చెప్పాను. ఆఫీసరు నమ్మలేదు. సిరా పెట్టె తెప్పించి ఎడమ బొటనవేలు ఒత్తించి, అర్జీ మీద ముద్ర పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశారు. సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, నాదే కదా. అయినా ఆయన ఇంకో అడ్డు పెట్టారు. ఈ అమ్మాయి మైనరు, సంతకం చెల్లదు అన్నారు.

అప్పుడు హెడ్‌మిస్ట్రెస్ గారు, మైకు అడక్కుండానే, “బిందెలు మొయ్యడానికి మైనరు పనికొచ్చినప్పుడు సంతకానికి ఎందుకు పనికిరాదండీ?” అన్నారు. జనంలో ఎవరో ఈలేశారు. ఆఫీసరు కాసేపు ఆలోచించి కలానికి మూత పెట్టేశారు. అర్జీ పైకి చదివారు, నా పెద్ద మాటలు రెండు చోట్ల ఆయనకి నోరు తిరగలేదు. నేను వరసలోకి వెనక్కి వెళ్ళబోతుంటే హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను దగ్గరికి పిలిచి, నాకు మాత్రమే వినబడేలా అడిగారు.

“మరి ఆ గూడ్సు బండి?”

“గూడ్సు లేదు టీచర్. కుళాయే.”

ఆవిడ తాగకుండా పక్కన పెట్టిన కూల్ డ్రింకు సీసా నా చేతిలో పెట్టారు.

మర్నాటి నుంచి నీళ్ళు మారిపోయాయని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. నాలుగు వారాలు పట్టింది. తీరా పదకొండింటికి వదిలితే పైవీధి వాళ్ళు గోల చేశారు, చివరికి పొద్దున్న ముప్పావుగంట, పదకొండింటికి ముప్పావుగంట అని తేలింది. ఆ నాలుగు వారాలూ నేను ఆలస్యంగానే వెళ్ళాను, హెడ్‌మిస్ట్రెస్ గారు గుమ్మంలో నిలబడడం మానేశారు. పైవీధి పిల్లలు కొన్నాళ్ళు నన్ను చూసి ముక్కు మూసుకున్నారు, ఇద్దరు మానలేదు, ముగ్గురు మానేశారు. హాజరు పిలిచేటప్పుడు ఆవిడ ఎప్పట్లాగే సుజాత అని పిలిచేవారు. ఒక్కసారి కూడా రెండో పేరు ఎత్తలేదు. పరీక్ష రాశాను, పాసయ్యాను.

సభ జరిగిన సాయంత్రమే మామ్మకి నిజం చెప్పేశాను, ఆ వేలు నిజానికి పోయిన పెద్దప్పలమ్మ తరఫున వేసిందని. కొడుతుందనుకున్నాను. వలలో ముడి వేసుకుంటూ, “అప్పుడే తెలిసిందిలేయే. మా అప్ప ఉంటే తనే ఏసును” అంది. కాసేపటికి చుట్ట తీసి, నువ్వు సెప్పకపోతే మాత్తరం నాను సెప్పేదాన్ని కాను, ఒట్టు ఒట్టేనని అంది. నన్ను కాపాడ్డానికి కూడా ఆ ఒట్టు తీసేది కాదన్నమాట. ఆ రోజు కోపమొచ్చింది. ఇప్పుడు ఆవిడ మీద ఎంత ప్రేమ పొంగుకొస్తుందో చెప్పలేను.

ఇదంతా ఆ వార్డు ఆఫీసు పిల్లకి చెప్పాను. రెండో గ్లాసు మజ్జిగ కూడా అయిపోయింది. అప్పటి సభలు గొప్పవనీ ఇప్పటి ఫోన్లు వట్టివనీ నేను అనను. మా అర్జీ చదివారు గానీ ఆ రోజే ఇంకెన్ని అర్జీలు టీ గ్లాసుల కింద గుండ్రటి మచ్చలు పడి పోయాయో నాకు తెలుసు. ఇంటింటికీ ఎండలో వచ్చి అడిగే పిల్లని అప్పట్లో ఎవరు పంపారు? కాకపోతే, ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒక్కసారి లేచి నిలబడితే ఆఫీసరుకి రుమాలు తీయాల్సొచ్చింది. నక్షత్రాలు నొక్కితే ఎవరికీ ఏమీ తియ్యాల్సిన పని లేదు. ఆ మాటే అన్నాను. కింద ఇతర సూచనలు అని ఒక గడి ఉందండి, అందులో రాస్తాను చెప్పండి అంది. నీళ్ళు ఏ టైముకి కావాలో నీళ్ళు పట్టుకునేవాళ్ళని అడగమని రాయించాను.

ఆఖర్న పేరు. తలుపు మీద పలక చూసే వచ్చింది కాబట్టి సుజాత అని కొట్టబోయింది. ఆగమ్మా, అప్పలమ్మ అని రాయి అన్నాను. నేను రాసిన పుస్తకాల మీదంతా సుజాతే ఉంది, ఇందులో అయినా ఉండనీ అన్నాను. రాసింది. రాసి, కాస్త అనుమానంగా తలెత్తి, మావాళ్ళు ఒక్కోసారి సరిచూడ్డానికి ఫోన్ చేస్తారండి, అప్పలమ్మ గారు ఉన్నారా అని అడిగితే ఏం చెప్తారు అంది.

“లేచి నిలబడతాను” అన్నాను.